వంద వాట్ల టవరు

(మా ఊరి శాఖా గ్రంథాలయంలో ప్రతి నెలా రెండో ఆదివారం జరిగే సమావేశంలో, టీవీ రిలే కేంద్రంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక సాంకేతిక ఉద్యోగి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం. మిగతా మాటలన్నీ ఆయనవే.)

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పై అయిదేళ్ళు యంత్రం పక్కన కూర్చున్నవాణ్ణి. ఆ గదిలో ఫ్యాన్ల హోరుకు పక్కవాడి మాట కూడా వినపడేది కాదు. అందుకని మధ్యమధ్యలో నా గొంతు పెరిగితే కోపం వచ్చిందనుకోకండి. అది ఆ గదిలో పట్టుబడిన అలవాటు.

కార్యదర్శి గారు ఫోను చేసి "మన టీవీ టవరు గురించి మాట్లాడండి" అన్నారు. టవరు గురించి మాట్లాడడానికి ఏముంటుంది? ఇనుము. కొంచెం ఎర్ర రంగు, కొంచెం తెల్ల రంగు. కానీ ఆలోచిస్తే, ఈ ఊళ్ళో నలభై దాటినవాళ్ళలో ఆ టవరు తెలియనివాళ్ళు లేరు. బస్సు పొలిమేర దాటుతుంటే గుడి గోపురం కంటే ముందు అదే కనపడేది. "టవరు దగ్గర ఆపండి" అని కండక్టరుకు చెప్పేవాళ్ళం. ఇప్పటికీ చెబుతున్నారు. టవరు పని మానేసింది కానీ, బస్సు స్టాపు ఆ పేరు మానలేదు.

మీకో ప్రశ్న. ఆ టవరు ఎన్ని వాట్ల శక్తితో ప్రసారం చేసేది? చెప్పండి. లక్షా? మాస్టారూ, మీరు సైన్సు చెప్పినవారు, మీరు చెప్పండి. పదివేలు. బాబూ, ఆ వెనక నీలం చొక్కా, నువ్వు? కోటి! సరే, పిల్లవాడు కనుక కోటి అన్నాడు. వంద. వంద వాట్లు. మీ వసారాలో పసుపుగా వెలుగుతూ, వానాకాలం ఉసిళ్ళు చుట్టూ తిరిగే బల్బు ఉండేది చూడండి, దానికి ఎంత కరెంటో అంత. ఆ ఒక్క బల్బంత శక్తితో ఈ ఊరికీ, చుట్టూ ఉన్న పల్లెలకూ బొమ్మ పంపాం.

నమ్మకం కలగడం లేదు కదా? ఎలాగో చెబుతాను, పెద్ద లెక్కలు లేకుండా. టీవీ తరంగం దాదాపు మన చూపు పోయినట్లే తిన్నగా పోతుంది. మన టవరంత, అంటే 30 మీటర్ల ఎత్తు ఎక్కి నిలబడితే, చదునైన నేల మీద ఆకాశమూ భూమీ కలిసే గీత మనకు దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. తరంగం మన చూపుకంటే కొంచెం వంగుతుంది, కనుక ఇంకాస్త ముందుకు పోతుంది. ఆ తరవాత భూమి గుండ్రంగా కిందికి దిగిపోతుంది, తరంగం దాని మీదుగా ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. అంటే మనకు ముఖ్యం వాట్లు కాదు, ఎత్తు. వాట్లు రెట్టింపు చేసినంత మాత్రాన దూరం రెట్టింపు కాదు. పైగా అవతల, మీ ఇంటి మీద వెదురు గడకు కట్టిన యాంటెన్నా ఎంత పైకి ఉంటే అంత మేలు. ఆ వెదురు గడలు గుర్తున్నాయా? ఒకరు మేడ మీద గడ తిప్పుతుంటే, ఒకరు కిటికీలో, ఒకరు టీవీ ముందు. "వచ్చిందా?" "ఇంకొంచెం ఇటు!" "ఇప్పుడు?" "బొమ్మ వచ్చింది, మాట రాలేదు!" మాట రాలేదు. ఆ కేక నాకు ఎన్ని మేడల మీద నుంచి వినపడిందో. బొమ్మకూ మాటకూ వేరు వేరు తరంగాలుండేవి, రెండింటికీ మధ్య అయిదున్నర మెగాహెర్ట్జ్ ఎడం. ఒకటి అంది, రెండోది అందకపోవడం మామూలే.

మరి ఇంత చిన్న కేంద్రం మన ఊరికి ఎలా వచ్చింది? 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం, అంటే ఢిల్లీ నుంచి దేశమంతటికీ ఒకే కార్యక్రమం, మొదలైంది. అదే ఏడాది ఢిల్లీలో ఆసియా క్రీడలు, రంగుల టీవీ. 1983 ఆగస్టులో మన దేశపు ఉపగ్రహం ఇన్శాట్-1బి పైకి వెళ్ళింది. అది వెళ్ళాక ఇక ఢిల్లీ నుంచి ఊరూరికీ తీగలు లాగే పని లేదు. ఊళ్ళో ఒక పెద్ద గిన్నె పెట్టి ఆకాశం నుంచి సంకేతం పట్టుకోవడం, దాన్ని వంద వాట్ల యంత్రంలో పోసి టవరెక్కించడం. అంతే. 1984లో కొన్ని నెలల పాటు దేశంలో రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున పెట్టారు. రోజుకొకటి! ఇవాళ ఒక బస్‌షెల్టరు కట్టడానికి ఎంత కాలం పడుతోందో మీకు తెలుసు. వాటిని ఎల్‌పీటీ అనేవాళ్ళం, అంటే తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్. కొండల మధ్య ఉన్న ఊళ్ళకు ఇంకా చిన్నవి, పది వాట్లవి కూడా ఉండేవి. చివరికి దేశమంతటా చిన్నా పెద్దా కలిపి 1400 పైచిలుకు ట్రాన్స్‌మిటర్లు అయ్యాయి.

నేను 1985లో చేరాను. పాతికేళ్ళ కుర్రవాణ్ణి. ఒక గది, రెండు ట్రాన్స్‌మిటర్లు. ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి ఎదురుచూస్తూ ఉండేది. ఒక మానిటర్, ఒక జనరేటర్, ఒక వాచ్‌మన్, ఆయన పెంచే గోంగూర మడి. గంటకోసారి మీటర్లు చూసి లాగ్‌బుక్కులో రాయాలి. పైకి వెళ్ళే శక్తి ఎంత, తిరిగి వచ్చే శక్తి ఎంత. తిరిగి రావడమేమిటి అంటారా? టవరు మీదికి వెళ్ళే కేబులు కీళ్ళలో వాన నీరు చేరిందనుకోండి, యాంటెన్నా శక్తిని మింగకుండా కొంత వెనక్కి కక్కేస్తుంది. అప్పుడు మీ టీవీలో మనిషి పక్కన ఇంకో నీడ మనిషి. "దెయ్యం వచ్చింది" అనేవాళ్ళు మీరు. మేమూ అదే అనేవాళ్ళం, ఇంగ్లీషులో.

నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను, ఇన్నేళ్ళకు. ఒక ఆదివారం సాయంత్రం సినిమా వస్తుండగా కరెంటు పోయింది. జనరేటర్ తిప్పితే తిరగలేదు. డీజిలు లేదు. నింపవలసినవాణ్ణి నేను, మరిచిపోయాను. పది నిమిషాల్లో గేటు దగ్గర వంద మంది. ఊళ్ళో కరెంటు లేదు కదా, టీవీలు పనిచేయవు కదా, మరి వీళ్ళెందుకు వచ్చారు? బ్యాటరీ మీద టీవీ పెట్టుకున్న ఒక ఇంట్లో యాభై మంది కూర్చున్నారట. మిగతా యాభై మంది వాళ్ళ వెంట వచ్చారు. ఎవరూ తిట్టలేదు. ఒక పెద్దావిడ మాత్రం "నాయనా, ఆ పిల్లకు పెళ్ళయిందా లేదా, అది చెప్పు చాలు" అంది. సినిమా హిందీ. ఆవిడకు హిందీ రాదు. నాకూ అంతంత మాత్రమే.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ కేంద్రం మన ఊళ్ళో ఉంది. మన ఊరి కోసమే ఉంది. పక్క తాలూకాకు కూడా సరిగా అందదు, అంత మన కోసం ఉంది. అందులోంచి మన ఊరి గురించి ఎప్పుడైనా ఒక్క ముక్క విన్నారా? మన చూరు కారుతుంటే ఆ టవరు ఢిల్లీలో ఎండ కాస్తుందని చెప్పేది. మొదటి రోజుల్లో తెలుగు మాటే లేదు. కొన్నేళ్ళకు హైదరాబాద్ కార్యక్రమాలు ఉపగ్రహం మీదుగా వచ్చాయి, అప్పుడు తెలుగు వచ్చింది. మన ఊరు మాత్రం రాలేదు. మా కేంద్రంలో స్టూడియో లేదు, కెమెరా లేదు, మైకు లేదు. దాని పేరే రిలే కేంద్రం. పైన విన్నది కింద చెప్పాలి.

మన ఊరి చెరువు గండి సంగతి చెప్పాలి. సంవత్సరం చెప్పనక్కరలేదు. ఇక్కడున్న సగం మందికి తెలుసు, కొందరి గోడల మీద నీటి గీత ఇంకా ఉంది.

నవంబరు. రెండు రోజులుగా వాన. సాయంత్రం ఆరున్నర అవుతోంది. మానిటర్ మీద ఢిల్లీ నుంచి ఎవరో సితార్ వాయిస్తున్నారు. గేటు ముందు జీపు ఆగింది. ఎమ్మార్వో గారు దిగారు, గొడుగు గాలికి తిరగబడి ఉంది. దాన్ని సరిచేసుకోకుండా అలాగే పట్టుకుని లోపలికి వచ్చారు. "చెరువు కట్ట మెత్తబడింది. రాత్రికి ఆగుతుందో లేదో చెప్పలేను. దిగువ వీధులవాళ్ళు హైస్కూలుకు పోవాలి. మీ టీవీలో ఒక్క మాట చెప్పండి." నేను అన్నాను, "సార్, ఇక్కడి నుంచి చెప్పే ఏర్పాటు లేదు." ఆయన పైకి చూశారు, కిటికీలోంచి టవరు కనపడుతుంది. "టవరు ఇక్కడే ఉంది కదయ్యా?" "టవరు ఇక్కడిదే సార్. మాట ఇక్కడిది కాదు."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఒక్క క్షణం సితార్ విన్నారు. వెళ్ళిపోయారు.

తరవాత రిక్షాకు మైకు కట్టారు. బజారులో చెప్పింది, బస్టాండు దగ్గర చెప్పింది. దిగువన రెండు వీధుల్లో అప్పటికే మోకాలు లోతు నీళ్ళు, రిక్షా దిగలేకపోయింది. రాత్రి పదకొండింటికి గండి పడింది. మనుషులు దక్కారు, మేడలెక్కి, చెట్లెక్కి. బర్రెలు పోయాయి. మేకలు పోయాయి. కుట్టు మిషన్లు, బడి పుస్తకాలు, ఒక ఇంట్లో పెళ్ళికి తెచ్చిన బియ్యం బస్తాలు.

కరెంటు ఉందా ఆ వేళ అని అడుగుతారు. ఎనిమిదిన్నర దాకా ఉంది. ఆ రెండు వీధుల్లో టీవీలున్నాయా? ఉన్నాయి, కొన్ని. ఒక ఇంట్లో టీవీ ఉంటే పదిళ్ళవాళ్ళు అక్కడే కూర్చునే రోజులవి. సరే, అన్నిటికంటే కష్టమైన ప్రశ్న మీరు అడగరు, నేనే అడుగుతాను. నిజంగా ఏర్పాటు లేదా? ఉంది. ట్రాన్స్‌మిటర్ వెనక ధ్వని వచ్చే తీగ ఉంటుంది. దాన్ని తీసి ఇంకో తీగ పెట్టవచ్చు. నా బల్ల మీద పాటలు వినడానికి తెచ్చుకున్న టేప్ రికార్డరు ఉంది, దానికి మైకు ఉంది. అయిదు నిమిషాల పని. బొమ్మలో సితార్ ఉన్నా, మాటలో నా గొంతు వచ్చేది. చేయకూడదు కనుక చేయలేదు. చేస్తే ఉద్యోగం పోతుందని ఎవరైనా చెప్పారా? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. అసలు నిజం ఇంకోటి. ఆ ఆలోచన రావడానికే నాకు రెండు రోజులు పట్టింది. ఆ యంత్రం మాట్లాడగలదని నాకే తోచలేదు.

పీజ్ అనే ఊరు

ఎందుకు తోచలేదు అని చాలాకాలం ఆలోచించాను. ఎందుకంటే అంతకు ముందే మన దేశంలో చిన్న ట్రాన్స్‌మిటర్ ఒకటి మాట్లాడింది. అది నాకు ఉద్యోగంలో చేరిన చాన్నాళ్ళకు తెలిసింది.

ముందు నా చిన్నతనం. మాది మహబూబ్‌నగర్ జిల్లా పల్లె. 1975 ఆగస్టులో పక్క ఊరి బడికి ఒక టీవీ వచ్చింది. బడి ముందు కోళ్ళగూటికి కట్టే తీగ వల లాంటి దానితో చేసిన పెద్ద గిన్నె. పది అడుగుల వెడల్పు. అమెరికావాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం ఏడాది పాటు మనకు అప్పిచ్చారు. ఆరు రాష్ట్రాల్లో, దాదాపు 2400 ఊళ్ళలో సెట్లు పెట్టాలని పథకం. మన దగ్గర మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. దాన్ని సైట్ అనేవారు. విక్రమ్ సారాభాయ్ కన్న కల అది, పల్లెకే ముందు టీవీ రావాలని. అది చూడకుండానే ఆయన 1971లో పోయారు. మేము నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళి చూసేవాళ్ళం. ఎరువుల గురించి, పశువుల గురించి, తెలుగులో! 1976 జులై ఆఖరున అప్పు తీరిపోయింది, ఉపగ్రహం వెళ్ళిపోయింది. గిన్నె కొన్నాళ్ళు అలాగే ఉంది. తరవాత దాని మీద బీరపాదు ఎక్కింది.

ఆ సైట్ జరిగిన కాలంలోనే, గుజరాత్‌లో, ఖేడా జిల్లాలో, పీజ్ అనే ఊళ్ళో ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టారు. ఒక కిలోవాట్. మన లెక్కలో పది బల్బులు. అహ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రమూ దూరదర్శనూ కలిసి నడిపాయి. ఆ కేంద్రానికి అప్పుడు అధిపతి యశ్‌పాల్ గారు. ఖేడా అంటే తెలుసు కదా, అప్పట్లో ఆనంద్ ఉన్న జిల్లా, పాల సంఘాల జిల్లా. టీవీ సెట్లు ఎక్కడ పెట్టారో ఊహించండి. పాల సంఘం దగ్గర. సాయంత్రం పాలు పోయడానికి అందరూ వచ్చే చోటు. కులం తక్కువ అనిపించుకున్నవాళ్ళు కూడా క్యాన్ పట్టుకుని వచ్చే చోటు. మూడు వందలకు పైగా ఊళ్ళు, ఆరు వందలకు పైగా సెట్లు.

మరి ఏం చూపించారు? ఇదే నాకు ఆశ్చర్యం. ఢిల్లీ కాదు. వాళ్ళ ఊళ్ళే. చిన్న కెమెరాలు పట్టుకుని పల్లెలకు వెళ్ళారు. ఊరివాళ్ళ చేత నాటకాలు ఆడించారు, వాళ్ళ యాసలోనే. కూలి ఇవ్వకపోవడం, అంటరానితనం, కట్నం, ఇంట్లో ఆడవాళ్ళ గోడు, ఇవన్నీ బొమ్మలోకి వచ్చాయి. 'దాద్ ఫరియాద్' అని ఒక కార్యక్రమం ఉండేది. అంటే ఫిర్యాదుల పంచాయతీ అనుకోండి. పల్లెటూరి మనిషి తన కష్టం కెమెరాకు చెబుతాడు, దానికి అధికారి జవాబు చెప్పాలి. అదంతా మళ్ళీ ఆ పల్లెలోనే, పాల క్యాన్ల పక్కన చూస్తారు. ఆ అధికారి మర్నాడు ఆ ఊరే రావాలి కదా! అక్కడుంది దాని బలం. దేశమంతా చూసే టీవీలో అబద్ధం చెప్పినా నడుస్తుంది. ముప్పై కిలోమీటర్లలో చూసే టీవీలో అబద్ధం చెబితే, పాలవాడి దగ్గరే దొరికిపోతాం.

1984లో ఆ ప్రయత్నానికి యునెస్కో బహుమతి వచ్చింది, గ్రామీణ సమాచార ప్రసారానికి. 1985లో పీజ్ ట్రాన్స్‌మిటర్ మూసేశారు. అవును, బహుమతి వచ్చిన మరుసటి ఏడాదే. అహ్మదాబాదులో పెద్ద శక్తి ట్రాన్స్‌మిటర్ వచ్చింది, ఇక ఈ చిన్నది ఎందుకన్నారు. దాన్ని విప్పి మద్రాసు రెండో చానలుకు తీసుకుపోయారు. ఊరివాళ్ళు అడ్డం పడ్డారు, కానీ ఆగలేదు. పెద్ద ట్రాన్స్‌మిటర్ వచ్చింది కనుక చిన్నది అక్కరలేదు అనడం ఎలా ఉందంటే, జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రి కట్టారు కనుక మీ ఊరి మంత్రసానిని పంపించేయండి అన్నట్టు.

అదే 1985లో నేను ఉద్యోగంలో చేరానని చెప్పాను కదా. నాకిచ్చిన శిక్షణలో పీజ్ అనే పేరు వినలేదు.

తీగ మీద మాట, గాలి మీద మాట

తరవాత కేబుల్ వచ్చింది. 1991లో గల్ఫ్ యుద్ధం పుణ్యమా అని డిష్‌ల మోజు మొదలైంది, మన ఊరికి ఒకటి రెండేళ్ళలో చేరింది. మన ఊరి మొదటి కేబుల్ కుర్రవాడు నా దగ్గరకు ఆంప్లిఫయర్ సందేహాలు అడగడానికి వచ్చేవాడు. స్తంభం నుంచి స్తంభానికి, చింతచెట్టు నుంచి మేడకు, మేడ నుంచి గుడి ప్రహరీకి తీగ లాగాడు. రాత్రి పది దాటాక సొంత చానలు. ఒక వీసీఆర్, ఒక సినిమా క్యాసెట్. కింద అక్షరాలు పరిగెత్తేవి. గుర్తున్నాయా? "చిరంజీవి బుజ్జికి మొదటి పుట్టినరోజు శుభాకాంక్షలు, అమ్మమ్మ తాతయ్య." "రేపు నాలుగో వార్డుకు కుళాయి నీళ్ళు రావు." "ఎర్ర మచ్చల ఆవు తప్పిపోయింది." నవ్వుతున్నారు. నేనూ నవ్వాను అప్పుడు. తరవాత మరోసారి చెరువు నిండినప్పుడు, నీళ్ళు అలుగు దాటుతున్నాయని ఆ అక్షరాల్లోనే ఊరికి తెలిసింది. నా వంద వాట్లు చేయలేని పని ఆ కుర్రవాడు, అమ్మమ్మ తాతయ్యల శుభాకాంక్షల మధ్యలో చేశాడు.

అయితే దాన్ని ఆకాశానికెత్తను. ఆ చానలు ఊరిది కాదు, ఆ కుర్రవాడిది. ఎన్నికల ముందు అందులో ఎవరి ముఖం ఎక్కువ కనపడేదో, ఎందుకు కనపడేదో మీకు తెలుసు. కేబుల్ కట్టలేనివాళ్ళ వీధికి తీగ పోలేదు. దిగువ రెండు వీధులకు చాలా ఆలస్యంగా పోయింది. గాలికి ఆ భేదం లేదు. గాలి అన్ని ఇళ్ళ మీదా ఒకేలా పోతుంది.

చట్టం చూడండి, ఎంత చిత్రమో. 1995 కేబుల్ చట్టం వచ్చాక, 2025లో పద్ధతి మారేదాకా, తీగ మీద పంపేవాడు పోస్టాఫీసులో నమోదు చేయించుకోవలసి ఉండేది. తపాలా బిళ్ళలు కొనే చోట! గాలిలోకి టీవీ పంపడం మాత్రం ప్రభుత్వ సంస్థకు తప్ప ఎవరికీ లేదు. ఇప్పటికీ లేదు. అమెరికాలో 1982లోనే చిన్న ఊళ్ళకు తక్కువ శక్తి టీవీ లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు. మనవాళ్ళ పిల్లలున్న ఊళ్ళలో కూడా అలాంటివి ఉండవచ్చు, ఈసారి వెళ్ళినప్పుడు కనుక్కోండి. అక్కడ కూడా వాటిది సవతి బిడ్డ బతుకే. పెద్ద కేంద్రానికి అడ్డం వస్తే చిన్నది తప్పుకోవాలి, పెద్దది అడ్డం వస్తే చిన్నది ఓర్చుకోవాలి. చట్టంలోనే అలా రాశారు. అయినా, ఉండడానికి చోటిచ్చారు.

మన దేశంలో చోటు దొరికింది కోర్టులో. 1995 ఫిబ్రవరి 9, సుప్రీంకోర్టు. క్రికెట్ ప్రసార హక్కుల తగాదా. బంతి ఆట కోసం కొట్టుకుంటూ వెళ్ళారు, తీర్పు ఆకాశం గురించి వచ్చింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అన్నారు. ముగ్గురు న్యాయమూర్తులు. సావంత్ గారు, మోహన్ గారు, మూడోవారు మన జీవన్ రెడ్డి గారు. ప్రజల ఆస్తి అని ఒప్పుకున్నారు సరే, ప్రజల చేతికి రావడానికి ఎంతకాలం పట్టింది? టీవీ రానే లేదు. రేడియో వచ్చింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల జనం కోసం నడిపే చిన్న రేడియో, అనుమతించారు. ఎంత శక్తి? కాగితం తీసి చూశాను. మామూలుగా వంద వాట్లు మించకూడదు. యాంటెన్నా ఎత్తు? 30 మీటర్లు మించకూడదు.

వంద వాట్లు. ముప్పై మీటర్లు. నాకు నవ్వు వచ్చింది, తరవాత నవ్వు ఆగిపోయింది. అవే కొలతలు.

ఆ కొలతలతో ఏం చేయవచ్చో మన తెలుగునేల మీదే ఉంది. మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్ దగ్గర మాచునూరు. సంఘం రేడియో, 90.4. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థలోని దళిత మహిళా సంఘాలది. నడిపిన ఇద్దరి పేర్లూ నరసమ్మే. పొలం పనులు చేసుకునే ఆడవాళ్ళు రాత్రి వచ్చి మైకు ముందు కూర్చుంటారు. విత్తనాల గురించి, కొర్రలు సామల గురించి, మందుమొక్కల గురించి, పాటలు, వాళ్ళ మెదక్ మాటలోనే. సొంతంగా వార్తలు చెప్పకూడదన్న షరతు ఒకటి ఉంది, అదొక్కటి నాకు మింగుడు పడదు. ఆ సంస్థను నడిపించిన పి.వి. సతీశ్ గారు, 2023లో పోయారు, అంతకు ముందు ఏం చేసేవారో తెలుసా? దూరదర్శన్‌లో ప్రొడ్యూసరు. సైట్ రోజుల్లో తెలుగు పల్లెల కోసం కార్యక్రమాలు చేసినవారు. అంటే, నాలుగు మైళ్ళు నడిచి నేను చూసిన బొమ్మల్లో కొన్ని ఆయన చేతివే అయి ఉండవచ్చు. సంఘం రేడియోకు యునెస్కో సాయంతో భవనం, పరికరాలు ముందే వచ్చాయి. అనుమతి కోసం పదేళ్ళ దాకా ఎదురుచూశారు. ఆ పదేళ్ళూ క్యాసెట్ల మీద రికార్డు చేసుకుని సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న గాలిలోకి వెళ్ళింది. ప్రారంభించడానికి ఎవరు వచ్చారనుకున్నారు? 1995 తీర్పు రాసిన సావంత్ గారు. తీర్పు రాసినవారు పదమూడేళ్ళ తరవాత వచ్చి, తన తీర్పు ఆడవాళ్ళ గొంతులో పలకడం విన్నారు.

మన టవరు సంగతి చెప్పి ముగిస్తాను, కాఫీలు చల్లారుతున్నట్టున్నాయి. ఉపగ్రహం నుంచి నేరుగా ఇళ్ళకే సంకేతం వచ్చాక, టవరు చూసేవాళ్ళు లేకుండా పోయారు. వ్యూహాత్మక ప్రాంతాల్లో ఉన్న ఓ యాభై తప్ప మిగతా పాతకాలపు ట్రాన్స్‌మిటర్లు 2022 మార్చి నాటికల్లా ఆపేయాలని నిర్ణయించారు. మనది అంతకు ముందే ఆగింది. ఆగిన రోజు ఊళ్ళో ఎవరూ గేటు దగ్గరకు రాలేదు. రావడానికి కారణం కూడా లేదు.

ఆ చెరువు గండి రాత్రి నేను రాసిన లాగ్‌బుక్కు పేజీ నా దగ్గరుంది. అప్పట్లోనే ఒక తెల్ల కాగితం మీద ఎత్తి రాసుకున్నాను, ఎందుకో తెలియదు. ఇదిగో. కళ్ళజోడు పెట్టుకోనివ్వండి. అసలు ఇంగ్లీషులో రాశాను, తెలుగులో చెబుతాను. సాయంత్రం ఆరు: పైకి వెళ్ళిన శక్తి 100, తిరిగి వచ్చింది 2. ఏడు: 100, 2. ఎనిమిది: 100, 3, వాన వల్ల. ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది, జనరేటర్ మీద నడిపాం, డీజిలు నిండుగా ఉంది. ప్రసారం ముగిసే దాకా 100, 3. కింద వ్యాఖ్యలు రాసే గడి ఉంటుంది. అందులో ఇలా ఉంది. "ప్రసారం సాధారణం. అంతరాయం లేదు."

కింద నా సంతకం. ఈ కాగితం అటు పంపుతాను, చూసి మళ్ళీ ఇవ్వండి.